ఎండను లెక్కపెట్టిన నగరం

వడగాలుల నుంచి జనాన్ని కాపాడుకోవడానికి సొంతంగా ఒక ప్రణాళిక రాసుకుని, దాన్ని అమల్లో పెట్టిన మొదటి నగరం దక్షిణాసియాలో అహ్మదాబాద్. సంవత్సరం 2013. ఆ పనికి పూనుకున్నది అక్కడి మున్సిపల్ కార్పొరేషన్. అంటే వీధులు ఊడ్పించే, కుళాయి నీళ్లు వదిలే, పార్కులకు తాళం వేసి తీసే, పుట్టినవారి పేరూ పోయినవారి పేరూ పుస్తకంలో రాసుకునే కార్యాలయం. వాతావరణ మార్పు మీద ఒక స్థానిక ప్రభుత్వం ఏం చేయగలదు? ఈ ప్రశ్నకు మన దేశంలో దొరికే స్పష్టమైన జవాబుల్లో అహ్మదాబాద్ ఒకటి. ఆ జవాబు ఎలా తయారైంది, ఎంతవరకు పనిచేసింది, ఎక్కడ ఆగిపోయింది అన్నదే ఈ ప్రసంగ విషయం.

అంతా 2010 మే నెలలో మొదలైంది. ఆ నెల 21వ తేదీన అహ్మదాబాద్‌లో ఎండ 46.8 డిగ్రీలకు చేరింది. రోహిణి కార్తె ఇంకా రానేలేదు. ఆ ఊరికి ఎండ కొత్త కాదు. మధ్యాహ్నం తలుపులు మూసుకోవడం, మజ్జిగ తాగడం, పొద్దు వాలేదాకా గడప దాటకపోవడం అక్కడ తరతరాల అలవాటు. కానీ ఆ అలవాట్లు ఆ మే నెలలో సరిపోలేదు. మామూలు రోజుల్లో నగరంలో వంద దాకా మరణాలు నమోదయ్యేవి. మే 21 ఒక్కరోజే ఆ సంఖ్య మూడు వందలు దాటింది.

ప్రజారోగ్య పరిశోధకులు ఆ తర్వాత కార్పొరేషన్ మరణాల రిజిస్టర్లు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఆ ఏడాదికి ముందు, వెనుక సంవత్సరాల్లో మే నెలలో ఎంతమంది చనిపోయారో చూశారు. 2010 మే నెలలో ఎంతమంది చనిపోయారో చూశారు. రెండింటికీ తేడా తీశారు. ఆ తేడా 1,344. ఒక్క నెలలో, ఒక్క నగరంలో, ఉండవలసిన దానికన్నా 1,344 మరణాలు ఎక్కువ. ఈ ప్రసంగంలో ఒక్క అంకె గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోవాలి.

వీటిలో వడదెబ్బ అని కాగితం మీద ఎక్కినవి చాలా తక్కువ. మిగతావన్నీ వేరే పేర్లతో నమోదయ్యాయి. గుండెపోటు, పక్షవాతం, మూత్రపిండాల జబ్బు, ఊపిరి అందకపోవడం, వృద్ధాప్యం. ఇందులో ఎవరి మోసమూ లేదు. ఎండ చంపే తీరే అలాంటిది.

మనిషి ఒంటికి ఒక ఏర్పాటు ఉంది. వేడి పెరగగానే చర్మం దగ్గరికి రక్తం ఎక్కువగా వస్తుంది, చెమట పడుతుంది, ఆ చెమట ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. ఈ పనికి గుండె మామూలుకన్నా ఎక్కువ కష్టపడాలి. ఒంట్లో నీరు, ఉప్పు చాలినంత ఉండాలి. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. అప్పుడు ఎంత చెమట పట్టినా ప్రయోజనం లేదు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే మెదడు మీద దెబ్బ పడుతుంది. మాట తడబడుతుంది, మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు, స్పృహ తప్పుతాడు. అది వడదెబ్బ. కానీ అంతదాకా రాకముందే, అప్పటికే బలహీనంగా ఉన్న గుండె ఆ అదనపు బరువు మోయలేక ఆగిపోవచ్చు. అప్పుడు కాగితం మీద పడే మాట గుండెపోటు. ఎండ పేరు ఎక్కడా ఉండదు.

అందుకే ఎండ చావులు విడివిడిగా చూస్తే కనబడవు. కలిపి లెక్కేస్తేనే కనబడతాయి. ఆ లెక్క వేయడానికి కావలసిన పుస్తకం ఉన్నది స్థానిక సంస్థ దగ్గరే. నగరంలో ఎవరు పోయినా, దహనమైనా ఖననమైనా, ఆ మరణాన్ని నమోదు చేయవలసింది కార్పొరేషనే. చట్టం దానికి ఆ బాధ్యత అప్పగించింది. అహ్మదాబాద్‌లో జరిగిన మొదటి పని ఇది: ఏ రోజు ఎంత ఎండ, ఏ రోజు ఎంతమంది పోయారు, ఈ రెండు గీతలనూ పక్కపక్కన పెట్టి చూడటం. పక్కపక్కన పెడితే, ఎండ ఏ డిగ్రీ దగ్గర ప్రాణాంతకంగా మారుతుందో ఆ నగరానికి తెలిసింది. ఢిల్లీ లెక్క, విజయవాడ లెక్క తెచ్చి పెట్టుకుంటే ఆ సంగతి తెలియదు. ఏ ఊరి ఎండ ఆ ఊరిదే.

ఈ లెక్కల మధ్య ఒక ఆసుపత్రి వార్డు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అహ్మదాబాద్ తూర్పు భాగంలో, పాత బట్టల మిల్లుల ప్రాంతంలో శారదాబెన్ ఆసుపత్రి ఉంది. అది కార్పొరేషన్ నడిపే ఆసుపత్రి. కాన్పుకు అక్కడికి వచ్చేది ఎక్కువగా పేదింటి ఆడవాళ్లు. 2010 ఎండల్లో ఆ ఆసుపత్రిలో పుట్టిన పసికందుల్లో పలువురికి జ్వరం వచ్చింది. ఇన్ఫెక్షన్ ఏమీ లేదు. ఒళ్లు మాత్రం కాలిపోతోంది. ఒకరి తర్వాత ఒకరిని నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో చేర్చవలసి వచ్చింది.

కారణం వెతికితే పైకప్పులో దొరికింది. బాలింతల వార్డు పై అంతస్తులో ఉంది. దాని మీద నల్లటి తారు పూసిన కప్పు. పగలంతా ఆ తారు వేడిని పీల్చుకుని కిందికి వదులుతోంది. పురిటిబిడ్డకు చెమట పట్టే శక్తి ఇంకా పూర్తిగా రాదు. దాహం వేస్తే చెప్పలేదు. పైగా మన ఇళ్లలో పసిబిడ్డను గుడ్డల్లో చుట్టి ఉంచుతాం. ఆ వార్డును ఆసుపత్రివారు కింది అంతస్తుకు మార్చారు. కొత్త యంత్రం కొనలేదు, కొత్త భవనం కట్టలేదు. మంచాలు కిందికి దించారు. ఆ తర్వాతి వేసవుల లెక్క చూస్తే, తీవ్రమైన ఎండ ఉన్న రోజుల్లో ఎండ వల్ల ప్రత్యేక విభాగంలో చేరే శిశువుల సంఖ్య దాదాపు మూడింట రెండు వంతులు తగ్గింది.

ఈ వార్డు సంగతి వైద్య పత్రికల్లో అచ్చయింది. కానీ దాని విలువ పత్రికలకన్నా పెద్దది. వాతావరణ మార్పును ఎదుర్కోవడం అంటే ఒక్కోసారి మంచాలు ఎక్కడ వేయాలో నిర్ణయించడమే. ఆ నిర్ణయం తీసుకోగలిగినవాళ్లు ఆ భవనాన్ని నడిపేవాళ్లు మాత్రమే.

2013 ప్రణాళిక ఇలాంటి పరిశీలనల మీదే నిలబడింది. కార్పొరేషన్‌తో కలిసి పనిచేసినవారిలో గాంధీనగర్‌లోని భారతీయ ప్రజారోగ్య సంస్థ ముఖ్యమైనది. దానికి అప్పటి డైరెక్టర్ డాక్టర్ దిలీప్ మావలంకర్. అమెరికాకు చెందిన పర్యావరణ సంస్థ ఎన్‌ఆర్‌డీసీ, అక్కడి విశ్వవిద్యాలయాల పరిశోధకులు కూడా తోడయ్యారు. పరిశోధన వారిది, అమలు కార్పొరేషన్‌ది.

ప్రణాళికలో ఉన్నది స్థూలంగా ఒక్కటే: ఎండ వచ్చాక పరిగెత్తడం మానుకుని, వస్తుందని ముందే తెలుసుకుని కదలడం. వాతావరణ శాఖ నుంచి రోజుల ముందే అంచనా వస్తుంది. దాన్ని రంగులుగా మార్చారు. 41 డిగ్రీలు దాటుతుందంటే పసుపు. 43 దాటుతుందంటే నారింజ. 45, అంతకు మించితే ఎరుపు. అంకెల కన్నా రంగు తొందరగా అర్థమవుతుంది. చదువుకున్నవారికీ, చదువురానివారికీ ఒకేలా అర్థమవుతుంది.

ఎరుపు రంగు పడిందంటే ఏం జరగాలి? ప్రణాళిక ప్రకారం ఆ వరుస ఇలా ఉంటుంది. కార్పొరేషన్‌లో ఇందుకోసం పేరు పెట్టి నియమించిన ఒక అధికారి ఉంటారు. అంచనా ముందు ఆయనకు చేరుతుంది. ఆయన నుంచి ఆసుపత్రులకు, పట్టణ ఆరోగ్య కేంద్రాలకు, 108 అంబులెన్సులకు, నీటి సరఫరా విభాగానికి, పత్రికలకు, రేడియోకు కబురు వెళుతుంది. ఆసుపత్రిలో ఐస్ ప్యాకులు, సెలైన్లు సిద్ధం చేస్తారు. మామూలుగా మధ్యాహ్నం మూసేసే పార్కుల గేట్లు తెరిచి ఉంచుతారు, చెట్టు నీడన ఎవరైనా కూర్చోవచ్చు. రాత్రి బస కోసం కట్టిన ఆశ్రయాలను పగలు కూడా తెరుస్తారు. జనం గుమిగూడే చోట తాగునీళ్లు పెడతారు. మన ఊళ్లలో చలివేంద్రాలు పెట్టడం ఎప్పటినుంచో ఉన్నదే. అక్కడ చేసిందల్లా ఆ దాతృత్వానికి ఒక తేదీ, ఒక బాధ్యుడు, ఒక చిరునామా కల్పించడం.

ఇంకో ముఖ్యమైన పని వైద్య సిబ్బందికి శిక్షణ. వడదెబ్బ తగిలిన మనిషి పొంతన లేకుండా మాట్లాడుతుంటే, తాగి ఉన్నాడనో మూర్ఛ వచ్చిందనో పొరబడే ప్రమాదం ఉంది. ఆ పొరపాటులో పోయే ప్రతి నిమిషమూ ప్రాణానికి ముప్పే. వడదెబ్బకు మొదటి వైద్యం ఒంటిని వెంటనే చల్లబరచడం. అది నర్సుకు తెలియాలి, అంబులెన్సు డ్రైవరుకు తెలియాలి, వాడవాడకూ తిరిగే ఆశా కార్యకర్తకు తెలియాలి. ఎండలో నిలబడే ట్రాఫిక్ పోలీసుకూ తెలియాలి.

ఒకసారి వెనక్కి చూస్తే, ఇక్కడ చెప్పుకున్న పనుల్లో ఏ ఒక్కటీ కొత్తది కాదు. పార్కు ఉంది, ఆసుపత్రి ఉంది, నీటి ట్యాంకరు ఉంది, మరణాల రిజిస్టరు ఉంది. అన్నీ కార్పొరేషన్ చేతిలో ఉన్నవే. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. దానితో చేరిన 12వ షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 విషయాలు ఉన్నాయి. నీటి సరఫరా, ప్రజారోగ్యం, పార్కులు, పట్టణ వనాలు, భవన నిర్మాణ నియంత్రణ, మురికివాడల అభివృద్ధి, వీధి దీపాలు, బస్ స్టాపులు, శ్మశానాలు, జనన మరణాల నమోదు అందులోవే. వాతావరణ మార్పు అనే మాట ఆ జాబితాలో లేదు. అయినా వేసవిలో మనిషి ప్రాణం నిలబెట్టడానికి కావలసినవి చాలావరకు ఆ జాబితాలోనే ఉన్నాయి. కొరవడిందల్లా, ఈ విభాగాలన్నీ ఒకే రోజున, ఒకే కబురు మీద కదలడం. అహ్మదాబాద్ చేకూర్చింది దాన్నే.

ఇది ఫలించిందా? 2018లో అచ్చయిన ఒక పరిశోధన ఈ ప్రశ్ననే అడిగింది. ప్రణాళికకు ముందరి సంవత్సరాలను, 2014, 2015 సంవత్సరాలతో పోల్చింది. ఒకే ఎండకు ముందు ఎంతమంది చనిపోయేవారు, తర్వాత ఎంతమంది చనిపోయారు అని చూసింది. ఏడాదికి సగటున సుమారు 1,190 మరణాలు తప్పాయని అంచనా వేసింది. ఇది అంచనా మాత్రమే. దాని పైహద్దుకూ కింది హద్దుకూ మధ్య దూరం చాలా ఎక్కువ. రెండేళ్ల లెక్కే కాబట్టి మరీ గట్టిగా చెప్పడానికీ లేదు. కానీ కింది హద్దు తీసుకున్నా ఏడాదికి నూట యాభైకి పైగా ప్రాణాలు. ఒక నగరం పెద్ద ఖర్చేమీ లేకుండా అన్ని ప్రాణాలు నిలిపిందంటే అది చిన్న సంగతి కాదు.

న్యాయంగా మరో పేరు కూడా చెప్పాలి. 1998 వేసవిలో ఒడిశాలో రెండు వేలకు పైగా జనం ఎండకు చనిపోయారు. ఆ తర్వాత ఆ రాష్ట్రమే తన స్థాయిలో ఏర్పాట్లు మొదలుపెట్టింది. బడుల వేళలు, పని వేళలు మార్చడం వంటివి అక్కడ అప్పటినుంచే ఉన్నాయి. అహ్మదాబాద్ ప్రత్యేకత నగర స్థాయిలో, ఆ నగరపు లెక్కల మీద ప్రణాళిక తయారుచేయడం.

హెచ్చరిక బాగానే ఉంది. మరి హెచ్చరిక విన్న మనిషి ఎక్కడికి వెళ్లాలి? ఇంట్లోనే ఉండండి అని రేడియోలో చెబుతారు. ఆ ఇల్లే నిప్పుల కొలిమైతే? ఈ మాటలు వింటున్నవారిలో చాలామందికి రేకుల ఇంటి మధ్యాహ్నం ఎలా ఉంటుందో అనుభవమే. సిమెంటు రేకు, ఇనుప రేకు ఎండను పీల్చుకుని నేరుగా లోపలికి దింపుతాయి. రాత్రి పదింటికి వీధిలో గాలి చల్లబడినా గోడలు ఇంకా సెగ కక్కుతూనే ఉంటాయి. పగటి ఎండతో పాటు ఈ రాత్రి వేడి కూడా ఒంటికి చేటు చేస్తుంది. పగలంతా అలసిన గుండె రాత్రి చల్లదనంలో కోలుకోవాలి. ఆ చల్లదనం దొరక్కపోతే, మరుసటి రోజు ఎండకు మనిషి ముందురోజు అలసటతోనే ఎదురు నిలవాలి.

నగరం వేడెక్కడంలో రెండు కారణాలు కలిసి ఉన్నాయని ఇక్కడ గుర్తించాలి. ఒకటి భూమి మొత్తం వేడెక్కడం. బొగ్గు, పెట్రోలు, గ్యాసు మండించి గాలిలోకి వదిలిన బొగ్గుపులుసు వాయువు దానికి ప్రధాన కారణం. దాన్ని ఒక మున్సిపాలిటీ ఒంటరిగా ఆపలేదు. రెండోది నగరం తనకు తానే చేసుకునే వేడి. చెరువులు పూడ్చి, చెట్లు కొట్టి, నేలంతా సిమెంటుతో, తారుతో కప్పేస్తే, పక్క పల్లెకన్నా పట్నం ఎక్కువగా కాగుతుంది. ఈ రెండో వేడి పూర్తిగా నగరం చేతిలో ఉంది. మళ్లీ చెప్పుకుందాం: మొదటిది మున్సిపాలిటీ చేతిలో లేదు, రెండోది ఉంది.

అందుకే అహ్మదాబాద్ 2017లో కప్పుల మీదికి వచ్చింది. పేదల వాడల్లో మూడు వేల ఇళ్ల కప్పులకు ప్రయోగంగా తెల్ల సున్నం వేయించారు. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. లోపల వేడి రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తగ్గవచ్చు. డాబా మీద సున్నం కొట్టడం మన ఊళ్లలో తాతల నాటి పనే. ఇంటివారు సొంతంగా చేసుకునేదాన్ని కార్పొరేషన్ తన పనిగా తీసుకోవడమే ఇక్కడి విశేషం. అదే నగరంలో మహిళా హౌసింగ్ ట్రస్టు బస్తీల ఆడవాళ్లతో కలిసి ఇలాంటి కప్పుల మీద ఏళ్ల తరబడి పనిచేస్తోంది. పగలంతా ఆ కప్పు కింద కూర్చుని బీడీలు చుట్టే, బట్టలు కుట్టే మనిషికి ఈ రెండు డిగ్రీలంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఆమెకు ఇల్లే పనిచోటు.

కొన్ని పనులు ఇంకా చిన్నవి. ఎండ మండే మధ్యాహ్నాల్లో చాలా కూడళ్లలో ట్రాఫిక్ సిగ్నళ్లు ఆపేస్తున్నారు, బండి మీద వెళ్లేవారు ఎర్రదీపం దగ్గర ఎండలో నిలబడకుండా. 2025 వేసవిలో లాల్ దర్వాజా దగ్గర సిటీ బస్ స్టాండులో ఒక చల్లని బస్ స్టాపు తయారైంది. అందులో పెద్ద యంత్రాలేమీ లేవు. వట్టివేళ్ల తడికలు కట్టారు, వాటి మీద నీళ్ల జల్లు పడుతూ ఉంటుంది. తడిసిన వేళ్ల గుండా వచ్చే గాలి చల్లబడి, ఆ వాసన మోసుకుని లోపలికి వస్తుంది. తెలుగిళ్లలో కూలర్లు రాకముందు వేసవికి కిటికీలకు వేలాడదీసినవి ఈ తడికలే.

ఇప్పుడు లోపాల సంగతి. అహ్మదాబాద్‌ను చూసి దేశంలో అనేక నగరాలు, రాష్ట్రాలు ఇలాంటి ప్రణాళికలు రాసుకున్నాయి. 2023లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ 18 రాష్ట్రాల నుంచి 37 ప్రణాళికలను తీసుకుని చదివింది. ఎక్కువ నష్టపోయేది ఎవరు, వారు ఏ వాడలో ఉన్నారు అని గట్టిగా పరిశీలించినవి అందులో రెండే రెండు. డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్న మాట ఎత్తినవి 11. మిగతావాటిలో చేయవలసిన పనులు ఉన్నాయి, వాటికి పైసలు లేవు. వాటిలో చాలావాటికి చట్టం దన్ను కూడా లేదు. అంటే ఫలానా అధికారి ఈ పని చేయకపోతే అడిగే నాథుడు లేడు.

ఇది అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి. ప్రణాళిక రాయడం తేలిక. ఒక ఊరి ప్రణాళిక పేరు మార్చి ఇంకో ఊరికి పెట్టుకోవడం మరీ తేలిక. కానీ అహ్మదాబాద్ ప్రణాళికలో బలమంతా అది అహ్మదాబాద్ చావుల లెక్క మీద కట్టింది కావడంలోనే ఉంది. 43 డిగ్రీలు అక్కడ నారింజ రంగు. సముద్రం పక్కన ఉన్న ఊళ్లో, గాలి నిండా తేమ ఉన్నప్పుడు, 38 డిగ్రీలకే అంతటి ముప్పు రావచ్చు. రెంటచింతల పొడి ఎండ వేరు, మచిలీపట్నం ఉక్కపోత వేరు.

డబ్బు విషయంలో ఇంకో చిక్కు ఉంది. తుపాను, వరద, భూకంపం, కరువు వంటివి జాతీయ స్థాయిలో విపత్తుల జాబితాలో ఎప్పటినుంచో ఉన్నాయి. వడగాలులు ఆ జాబితాలో లేకుండానే ఏళ్లు గడిచాయి. అందువల్ల వరదకు దొరికినంత సులువుగా ఎండకు విపత్తు నిధి దొరకలేదు. రాష్ట్రాలు తమకు ప్రత్యేకమైన విపత్తుగా ప్రకటించుకుంటే, ఆ నిధిలో పది శాతం దాకా వాడుకునే వీలుంది.

తెలుగు రాష్ట్రాలకు ఈ విషయం ఎంత దగ్గరిదో 2015 వేసవి చూపించింది. ఆ ఏడాది దేశంలో రెండు వేలకు పైగా జనం ఎండకు చనిపోయారు. అందులో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వారే. పొలం పనులకు, ఉపాధి హామీ పనులకు వెళ్లిన కూలీలు, దిక్కులేని ముసలివాళ్లు. మృతుల కుటుంబాలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లక్ష రూపాయల చొప్పున సాయం ప్రకటించింది. చావుకు కారణం ఎండే అని తేల్చడానికి మండల స్థాయిలో తహసీల్దారు, వైద్యాధికారి, ఎస్సై కలిసిన కమిటీ ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ వడగాలులను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించి, సాయాన్ని 4 లక్షల రూపాయలకు పెంచింది. ఈ సాయం చనిపోయిన తర్వాత అందేది. ఎవరైనా వెళ్లి అడిగితేనే అందేది. ఇంట్లో నిద్రలోనే పోయిన ముసలమ్మ ఆ కమిటీ దాకా చేరదు. ఆమెను పట్టుకోగలిగేది అహ్మదాబాద్‌లో వేసినలాంటి లెక్క ఒక్కటే, అందుకు కావలసిన రిజిస్టర్లు మన మున్సిపాలిటీల్లోనూ ఉన్నాయి.

హెచ్చరికల విషయంలో ఆంధ్రప్రదేశ్ కొంత ముందుకు నడిచింది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వేసవి పొడుగునా ఏ మండలంలో తీవ్ర వడగాలులు, ఏ మండలంలో ఒక మోస్తరు వడగాలులు అని పేరుపేరునా ప్రకటిస్తోంది. జిల్లాకన్నా మండలం చిన్నది కాబట్టి ఆ కబురు మనిషికి ఇంకాస్త దగ్గరగా వస్తుంది. అది అందాక ఊళ్లో పార్కు గేటు తెరిచేదెవరు, కూలి పని వేళ మార్చేదెవరు అన్నది మాత్రం పంచాయతీ, మున్సిపాలిటీ తేల్చుకోవాలి.

కప్పుల విషయంలో ముందున్నది తెలంగాణ. 2017లో హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో పాతిక ఇళ్ల కప్పుల మీద ఎండను వెనక్కి కొట్టే పొర పరిచి చూశారు. ఆ ఇళ్లలో వేడి పొర లేని ఇళ్లకన్నా సగటున రెండు డిగ్రీలు తక్కువగా ఉంది. ఆ అనుభవంతో 2023 ఏప్రిల్‌లో రాష్ట్రం చల్లని కప్పుల విధానం ప్రకటించింది. దేశంలో ఒక రాష్ట్రం ఇలాంటి విధానం తేవడం అదే మొదలు. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబరచాలని, అందులో 200 ఒక్క హైదరాబాద్‌లోనే ఉండాలని లక్ష్యం. ప్రభుత్వ భవనాలకు, ప్రభుత్వం కట్టించే ఇళ్లకు, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే కొత్త నివాసాలకు ఇది తప్పనిసరి. అంతకన్నా చిన్న ఇళ్లకు ఇష్టమైతేనే.

పెద్ద ఇల్లు కట్టుకునేవారికి అనుమతి పత్రంతో ముడిపెట్టి పని చేయించవచ్చు. పాత బస్తీల్లో ఇప్పటికే ఉన్న రేకుల ఇళ్లకు అనుమతి పత్రమూ లేదు, ఆ మెలిక పెట్టే అవకాశమూ లేదు. అందరికన్నా ఎక్కువ ఎండ తినేది ఆ ఇళ్లే. అక్కడ సున్నం వేయవలసింది కార్పొరేషనే, తన ఖర్చుతోనే. సున్నం పూత ఒకటి రెండు వానాకాలాలకు మించి నిలవదు, అంటే ఏడాది, రెండేళ్లకోసారి మళ్లీ వేయాలి. ఎండలు ముదిరేలోపు, అంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే ఆ పని పూర్తి కావాలి. కాబట్టి దాని డబ్బు అంతకుముందు ఏడాది మున్సిపల్ బడ్జెట్‌లోనే, ప్రత్యేకంగా ఒక పద్దు కింద కనబడాలి.